తెలిసిన పాఠాన్ని చేయి ఎందుకు మరిచిపోతుంది? స్టాల్, స్పిన్, విన్యాసాల శిక్షణపై చర్చ

1. మేఘమాల

అందరికీ నమస్కారం. ప్రైవేటు పైలట్ లైసెన్సు కోసం శిక్షణ తీసుకుంటున్నాను. ఇప్పటికి 52 గంటలు పూర్తయ్యాయి. ఒంటరిగా ఎగరడం, సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి మళ్ళీ దిగడం), దూరప్రయాణాలు అన్నీ సజావుగానే సాగాయి. పోయిన వారం స్టాల్ (రెక్కలు విమానాన్ని మోసే శక్తిని కోల్పోయే స్థితి) పాఠాన్ని మళ్ళీ చేస్తున్నప్పుడు జరిగిన విషయం మాత్రం నన్ను వదలడం లేదు.

ఇంజిను పూర్తి శక్తిలో ఉండగా ముక్కు పైకెత్తి స్టాల్ చేయవలసిన అభ్యాసం అది. వేగం తగ్గుతున్నకొద్దీ కుడి రడ్డర్ (ముక్కును పక్కకు మళ్ళించే తోక పలక, పెడళ్ళతో కదులుతుంది) పెంచాలని తెలిసి కూడా తగినంత వేయలేదు. ఎడమ రెక్క చటుక్కున జారిపోయింది. నేను యోక్‌ను (చేతితో పట్టే స్టీరింగ్‌ను) కుడివైపు చివరిదాకా తిప్పి, అదే ఊపులో పొట్టకేసి లాగాను. రెక్క లేవలేదు సరికదా, విమానం ఎడమకు మరింత వేగంగా తిరుగుతూ ముక్కును నేలకేసి దించింది. అద్దం నిండా నేల తప్ప మరేమీ కనబడలేదు. శిక్షకులు నియంత్రణ తమ చేతిలోకి తీసుకుని సరిచేసేసరికి దాదాపు తొమ్మిది వందల అడుగుల ఎత్తు పోయింది.

భయపడ్డానని చెప్పుకోవడానికి మొహమాటం లేదు. కానీ స్టాల్‌లో ముక్కు దించాలనీ, పడిపోతున్న రెక్కను ఎయిలరాన్‌తో (యోక్ తిప్పితే కదిలే రెక్క చివరి పలకతో) లేపబోకూడదనీ రాతపరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే, అవసరం వచ్చిన క్షణంలో సరిగ్గా దానికి విరుద్ధంగా చేశానన్నదే ఎక్కువగా బాధిస్తోంది. లైసెన్సు చేతికి రాకముందే కొన్ని గంటలు స్పిన్ (స్టాల్ అయి గింగిరాలు తిరుగుతూ పడటం), విన్యాసాల శిక్షణ తీసుకోవాలా? లేక స్టాల్ పాఠాన్నే ఇంకో పదిసార్లు చేస్తే సరిపోతుందా?

2. పాత రడ్డరు

మేఘమాల గారూ, శిక్షకుడిగా నేను చూసిన విద్యార్థుల్లో సగానికి పైగా మొదటిసారి రెక్క జారినప్పుడు మీరు చేసినట్టే చేశారు. నేనూ అలాగే చేశాను. యాభై గంటలపాటు రెక్క వాలినప్పుడల్లా యోక్ తిప్పితే లేచింది, ముక్కు దిగినప్పుడల్లా లాగితే లేచింది. చేతికి ఆ అనుభవం తప్ప మరొకటి లేదు. మీరు పరీక్షలో రాసిన జవాబు చేతిదాకా ఇంకా చేరలేదు.

ఆ క్షణంలో రెక్కల మీద ఏం జరిగిందో ఒకసారి చూద్దాం. రెక్కకూ ఎదురుగాలికీ మధ్య ఉండే కోణాన్ని యాంగిల్ ఆఫ్ అటాక్ అంటాం. అది ఒక హద్దు దాటితే, సాధారణ శిక్షణ విమానాల్లో సుమారు 15 నుంచి 18 డిగ్రీల దగ్గర, రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని ప్రవహించే గాలి విడిపోతుంది. ముక్కు ఎటు చూస్తోంది, వేగం ఎంత అన్నదానితో నిమిత్తం లేకుండా స్టాల్ ఈ కోణం వల్లనే వస్తుంది. మీరు రడ్డర్ తక్కువగా వేసినందువల్ల విమానం ఎడమకు మళ్ళుతూ ఉంది, కాబట్టి ఎడమ రెక్క ముందుగా హద్దు దాటింది. రెక్క కిందికి పడుతుంటే గాలి దానికి కిందినుంచి తగులుతుంది, అందువల్ల దాని కోణం ఇంకా పెరుగుతుంది. పైకి లేస్తున్న కుడి రెక్కకు కోణం తగ్గి, అది లిఫ్ట్‌ను (పైకెత్తే బలాన్ని) నిలుపుకుంటుంది. ఒక రెక్క ఎక్కువగా, మరొకటి తక్కువగా స్టాల్ అయిన ఈ స్థితి దానంతట అదే తిరుగుడును పోషించుకుంటుంది. స్పిన్‌కు మూలం ఇదే.

ఇప్పుడు మీరు యోక్‌ను కుడికి తిప్పారు. ఎడమ రెక్క చివర ఎయిలరాన్ కిందికి దిగింది. మామూలుగానైతే అది లిఫ్ట్ పెంచాలి, కానీ ఇప్పటికే స్టాల్ అయిన రెక్క మీద అది కోణాన్ని ఇంకా పెంచి, డ్రాగ్‌ను (గాలి నిరోధాన్ని) మాత్రమే మిగిల్చింది. ఆ డ్రాగ్ ఎడమ రెక్కను వెనక్కి పట్టి లాగింది, దానితో ముక్కు ఎడమకు ఇంకా తిరిగింది. పైగా మీరు యోక్‌ను వెనక్కి లాగి ఉంచినంతసేపూ స్టాల్ విడవదు. కావాలని స్పిన్‌లోకి వెళ్ళడానికి మేము నేర్పే పద్ధతికీ, మీరు తప్పించుకోవడానికి చేసిన పనికీ పెద్ద తేడా లేదు.

స్టాల్ పాఠాన్ని పదిసార్లు చేయడం మంచిదే. అయితే శిక్షకుడు పక్కన ఉండి, రెక్క జారకముందే రడ్డర్‌తో సరిచేస్తూ పోతే, పదిసార్లు చేసినా మీ చేతికి కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. ఒక్కసారి స్పిన్‌లోకి పూర్తిగా వెళ్ళి, మీ చేతులతోనే బయటికి తీసుకురండి. నా ఓటు దానికే.

3. కొలబద్ద

పై సందేశంలోని వివరణ సరైనదే. ఇంజనీరుగా కొన్ని అంకెలు చేరుస్తాను. అవి చూస్తే ఈ ప్రశ్న ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది.

శిక్షణ విమానం సెస్నా 152 హ్యాండ్‌బుక్ ప్రకారం, ఒక చుట్టు తిరిగి బయటపడటానికే సుమారు 1000 అడుగులు ఖర్చవుతాయి. ఆరు చుట్లయితే అందుకు రెట్టింపు కంటే కొంత ఎక్కువ. స్పిన్ సాధన చేసేవారు, వీలైన చోట, నేలకు కనీసం 4000 అడుగుల ఎత్తులోనే విమానం పూర్తిగా సరైపోయేటట్టు మొదలుపెట్టాలని ఆ హ్యాండ్‌బుక్కే సూచిస్తుంది. సర్క్యూట్ సాధారణంగా 1000 అడుగుల ఎత్తులో ఎగురుతాం, బేస్ నుంచి ఫైనల్‌కు, అంటే రన్‌వేకు నేరుగా వచ్చే చివరి గీతకు, తిరిగేటప్పుడు అందులో సగం మాత్రమే ఉంటుంది. అంటే అక్కడ స్పిన్ మొదలైతే, దాన్నుంచి బయటపడే విద్య ఎంత బాగా వచ్చినా దాన్ని వాడుకునే ఎత్తు ఉండదు. శిక్షణకు వాదించేవారు ఈ విషయాన్ని దాటవేస్తారు కాబట్టి ముందే చెబుతున్నాను.

రెండో లెక్క స్టాల్ వేగానిది. అది లోడ్ ఫ్యాక్టర్ (రెక్కలు మోసే భారం విమానం బరువుకు ఎన్ని రెట్లో, దాన్ని జిలలో చెబుతాం) వర్గమూలానికి అనుగుణంగా పెరుగుతుంది. వాలు లేకుండా సమంగా ఎగిరేటప్పుడు 45 నాట్ల దగ్గర స్టాల్ అయ్యే విమానం, ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీల వాలులో తిరిగితే సుమారు 53 నాట్ల దగ్గర, 60 డిగ్రీల వాలులో 2 జి భారంతో తిరిగితే సుమారు 64 నాట్ల దగ్గర స్టాల్ అవుతుంది. 4 జి లాగితే 90 నాట్ల దగ్గర కూడా స్టాల్ అవుతుంది. స్పీడోమీటరు మీది ఆకుపచ్చ గీత మొదలయ్యే చోటే స్టాల్ అని గుర్తుపెట్టుకున్నవారికి ఈ లెక్క కొంత కలవరం కలిగించాలి.

4. ఎడమ సీటు

నేను ప్రయాణికుల విమానాలు నడుపుతాను. విన్యాసాల శిక్షణను అందరికీ మందులా రాసిచ్చే ధోరణి మీద నాకు అభ్యంతరాలు ఉన్నాయి, వాటిని వివరంగానే చెప్పదలచుకున్నాను.

మొదటిది కొలబద్ద గారు చెప్పిందే. ప్రాణాంతకమైన స్పిన్‌లలో చాలా వరకు, బయటపడే ఎత్తు లేని చోట జరిగేవే. ఫైనల్ గీతను దాటి పక్కకు వెళ్ళిపోయిన పైలట్, వాలు పెంచడానికి జంకి, లోపలి రడ్డర్‌తో ముక్కును రన్‌వే వైపు తోస్తాడు. దానితో వాలు పెరుగుతుంటే ఎదురు ఎయిలరాన్‌తో ఆపుతాడు, ముక్కు దిగుతుంటే లాగుతాడు. ఈ మూడూ కలిస్తే స్పిన్‌కు కావలసినవన్నీ సమకూరినట్టే. అతనికి అవసరమైన పాఠం ఆ మలుపును వదిలేసి గో-అరౌండ్ చేయడం (దిగకుండా మళ్ళీ పైకెత్తి తిరిగి రావడం). అమెరికాలో 1949లోనే ప్రైవేటు పైలట్ శిక్షణ నుంచి స్పిన్‌ను తొలగించి, స్టాల్‌ను ముందుగా గుర్తించి తప్పించుకోవడం మీద దృష్టి పెట్టారు. ఇప్పటికీ అక్కడ శిక్షకులు కాబోయేవారికి మాత్రమే స్పిన్ శిక్షణ తప్పనిసరి.

రెండోది, ఒక విమానంలో నేర్చుకున్న పాదాల అలవాటు మరో విమానానికి చేటు చేయవచ్చు. 2001 నవంబరు 12న న్యూయార్క్ నుంచి బయలుదేరిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587 ఎయిర్‌బస్ ఎ300-600 ముందు వెళ్ళిన విమానపు సుడిగాలిలో చిక్కుకున్నప్పుడు, సహ పైలట్ రడ్డర్‌ను ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పదేపదే పూర్తిగా తొక్కారు. నిలువు తోక విరిగిపోయింది. విమానంలోని 260 మందీ, నేలమీద 5 మందీ మరణించారు. ఆ సంస్థ ఇచ్చిన శిక్షణలోని కొన్ని అంశాలు కూడా ఇందుకు దోహదం చేశాయని దర్యాప్తు సంస్థ తేల్చింది. వేగం మెనూవరింగ్ స్పీడ్ (నియంత్రణను పూర్తిగా వాడినా విమానం విరగదనుకునే వేగ హద్దు) కంటే తక్కువగానే ఉంది కదా, తోక ఎలా విరుగుతుందని అడిగిన పైలట్లు అప్పట్లో నా చుట్టూనే ఎందరో ఉన్నారు. ఆ వేగం ఒక దిశలో, ఒక్కసారి పూర్తిగా తొక్కినప్పుడు మాత్రమే రక్షణ ఇస్తుందనీ, వరుసగా దిశ మార్చి తొక్కితే ఇవ్వదనీ మాలో చాలామందికి ఆ ప్రమాదం తర్వాతే తెలిసింది.

మేఘమాల గారికి నా సలహా: స్టాల్ వస్తోందని చెప్పే గుర్తులను, అంటే మెత్తబడే యోక్‌ను, వణుకును, హారన్‌ను, తడిపొడిగా కాకుండా క్షుణ్ణంగా నేర్చుకోండి. తలకిందులయ్యే పాఠాలు సరదాకు ఎప్పుడైనా తీసుకోవచ్చు.

5. తలకిందులు

ఎడమ సీటు గారి అభ్యంతరాలను గౌరవిస్తూనే, పోటీల్లో విన్యాసాలు చేసే వ్యక్తిగా జవాబు చెబుతాను. బేస్ మలుపులో స్పిన్‌లోకి వెళ్ళిన పైలట్‌కు బయటపడే విద్య పనికిరాదన్న మాట నిజం. కానీ ఆ మలుపులో అతను లాగడానికి కారణం ఏమిటి? ముక్కు దిగితే లాగడం తప్ప మరో స్పందన తెలియకపోవడమే. విన్యాసాలు మార్చేది సరిగ్గా ఆ స్పందననే.

లూప్‌ను (నిలువుగా గుండ్రంగా తిరిగే విన్యాసాన్ని) ఉదాహరణగా తీసుకోండి. హ్యాండ్‌బుక్‌లో చెప్పిన వేగంతో ప్రవేశించి, మూడున్నర జి వరకు నిలకడగా లాగుతాం. ముక్కు దిగంతం దాటగానే ముందు అద్దంలో ఆకాశం తప్ప ఏమీ ఉండదు కాబట్టి తల పక్కకు తిప్పి రెక్క చివరను చూస్తాం. రెక్క దిగంతం మీద ఎంత కోణంలో ఉందో దాన్నిబట్టి ఎక్కడున్నామో తెలుస్తుంది. పైకి వెళ్ళేకొద్దీ వేగం పడిపోతుంది, ప్రొపెల్లర్ ప్రభావానికి ముక్కు ఎడమకు జరుగుతుంది కాబట్టి కుడి రడ్డర్ పెంచుతాం. పైన, తలకిందులుగా ఉన్నచోట, లాగడం దాదాపుగా వదిలేసి విమానాన్ని తేలనిస్తాం. అప్పుడు స్పీడోమీటరు చూస్తే ముల్లు స్టాల్ వేగం కంటే కింద ఉంటుంది. అయినా విమానం స్టాల్ కాదు, ఎందుకంటే రెక్క మోస్తున్న భారం చాలా తక్కువ. పావు జి భారంతో ఉన్న విమానానికి స్టాల్ వేగం సగానికి పడిపోతుంది. అదే చోట కంగారుపడి లాగితే వెంటనే వణుకు మొదలవుతుంది. చేయి వదులు చేయగానే ఆగిపోతుంది. స్టాల్ కోణం వల్లే వస్తుందన్న వాక్యాన్ని నేను పుస్తకాల్లో వందసార్లు చదివాను, కానీ నమ్మింది మాత్రం లూప్ శిఖరాన ఆ వణుకును నా వేళ్ళతో తెప్పించి, నా వేళ్ళతోనే ఆపిన రోజున.

రోల్ (విమానం పొడవు ఇరుసు చుట్టూ పూర్తిగా దొర్లడం) నేర్పేది మరొకటి. ముక్కును దిగంతం పైకి ఇరవై, ముప్పై డిగ్రీలు ఎత్తి, స్టిక్‌ను (యోక్ పనే చేసే కర్రను) మధ్యకు తెచ్చి, ఆ తర్వాతే పూర్తి ఎయిలరాన్ ఇవ్వాలి. కొత్తవారందరూ తలకిందులైన క్షణంలో నేల కనబడగానే లాగుతారు. తలకిందులుగా ఉండి లాగితే విమానం నేలవైపే వంగుతుంది. లాగడం కొనసాగిస్తే అది స్ప్లిట్-ఎస్‌గా (నేలవైపు దిగే అర లూప్‌గా) మారుతుంది, వేగం హద్దు దాటుతుంది, ఎత్తు కరిగిపోతుంది. సుడిగాలి మిమ్మల్ని తిప్పి పడేసినప్పుడు కూడా ఇదే ప్రమాదం. లాగకుండా తిప్పి, దగ్గరి దిగంతం వైపు రెక్కలను సమం చేసి, ఆ తర్వాతే ముక్కు ఎత్తాలన్న క్రమం ఒంటికి పట్టాలంటే కనీసం ఇరవై రోల్స్ చేయాలి.

హామర్‌హెడ్ గురించి కూడా రాయాలని ఉంది. దాన్ని స్టాల్ టర్న్ అంటారు కానీ సరిగ్గా చేస్తే అందులో స్టాల్ ఉండదు. నిట్టనిలువుగా పైకి వెళ్ళి, ఆగిపోబోయే ముందు, పైలట్ వైపునుంచి చూస్తే ప్రొపెల్లర్ కుడివైపుగా తిరిగే ఇంజినున్న విమానాన్ని పూర్తి ఎడమ రడ్డర్‌తో తిప్పుతాం. ఎడమకు మళ్ళుతున్న ప్రొపెల్లర్ బొంగరంలా ప్రవర్తించి ముక్కును వెనక్కి వంచుతుంది కాబట్టి స్టిక్‌ను ముందుకు తోయాలి. బయటి రెక్క ఎక్కువ వేగంతో కదిలి విమానాన్ని ఒరగజేస్తుంది కాబట్టి కుడి ఎయిలరాన్ కూడా పట్టాలి. మూడు నియంత్రణలూ మూడు దిక్కులకు! రడ్డర్ అంటే మలుపుల్లో బంతిని (విమానం పక్కకు జారుతోందో లేదో చూపే పరికరంలోనిది) మధ్యలో ఉంచే పెడల్ అని అనుకునేవారికి ఇది ఒక మధ్యాహ్నంలో కళ్ళు తెరిపిస్తుంది.

చిన్న ఊసు. మొదటి లూప్ చేసిన రష్యన్ సైనిక పైలట్ ప్యోతర్ నెస్తెరోవ్‌ను, 1913 సెప్టెంబరులో కీవ్‌లో, ప్రభుత్వ ఆస్తిని ప్రమాదంలో పెట్టాడని పది రోజులు నిర్బంధించారు. తర్వాత పదోన్నతి ఇచ్చారు. ఎడమ సీటు గారూ, విన్యాసాలంటే పై అధికారులకు అనుమానం ఈనాటిది కాదు.

6. మేఘమాల

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. పాత రడ్డరు గారికి ఒక ప్రశ్న. "జారిన రెక్కను రడ్డర్‌తో లేపాలి" అని మా శిక్షకులు చెప్పారు. మరో శిక్షకుడు అది తప్పని అన్నారు. ఏది నిజం?

7. పాత రడ్డరు

నేను కూడా చాలా ఏళ్ళు ఆ వాక్యాన్నే చెప్పాను. ఇప్పుడు చెప్పడం లేదు, అందుకు కారణం చెబుతాను.

స్టాల్‌లో పట్టి ఉంచిన విమానాన్ని రెండు పాదాలతో అటూ ఇటూ ఆపుతూ నిలువుగా కిందికి దింపే అభ్యాసం ఒకటుంది, ఆకు రాలినట్టు ఊగుతుంది కాబట్టి దాన్ని ఫాలింగ్ లీఫ్ అంటారు. ఎత్తులో, స్పిన్‌కు అనుమతి ఉన్న విమానంలో, అది పాదాలకు గొప్ప పాఠం. కానీ దానివల్ల విద్యార్థి మనసులో, స్టాల్‌లో ఉండగానే రెక్కలను సమం చేయవచ్చునన్న తప్పు భావన నాటుకుంటుంది. రెక్కను లేపాలన్న తొందరలో రడ్డర్ ఎక్కువగా తొక్కితే, స్టిక్ ఇంకా వెనకే ఉంటే, విమానం రెండోవైపుకు స్పిన్‌లోకి పోతుంది. నా కళ్ళముందే ఒక విద్యార్థి ఎడమ స్పిన్‌ను తప్పించబోయి కుడి స్పిన్‌లోకి తీసుకెళ్ళాడు. అతని మీద తప్పు మోపలేను, నేర్పింది నేనే.

అందువల్ల ఇప్పుడు నేను చెప్పే క్రమం ఇది. ముందు తోయాలి, కోణం తగ్గాలి. ముక్కు ఇంకా ఒకవైపు మళ్ళకుండా ఆపడానికి తగినంత రడ్డర్ మాత్రమే వేయాలి. రెక్కల మీద గాలి తిరిగి అంటుకున్నాక ఎయిలరాన్ మళ్ళీ మాట వింటుంది, అప్పుడు దానితోనే రెక్కలను సమం చేయాలి. మీ ఇద్దరు శిక్షకుల మాటల్లో తేడా బహుశా రడ్డర్‌ను ఎంత, దేనికోసం అన్న దగ్గరే ఉంది.

స్పిన్ పూర్తిగా మొదలైపోతే క్రమం వేరు. థ్రాటిల్ పూర్తిగా మూయాలి, ఎయిలరాన్లు మధ్యలో ఉండాలి, తిరుగుతున్న దిశకు వ్యతిరేకంగా రడ్డర్‌ను చివరిదాకా తొక్కాలి, ఆ తర్వాత స్టిక్‌ను ముందుకు తోయాలి. తిరుగుడు ఆగగానే రడ్డర్‌ను మధ్యకు తెచ్చి, డైవ్ నుంచి మెల్లగా ఎత్తాలి. థ్రాటిల్ తెరిచి ఉంటే చాలా విమానాల్లో స్పిన్ బల్లపరుపుగా మారుతుంది, అందుకే అది మొదట వస్తుంది. అన్నిటికంటే మీరు నడిపే విమానం హ్యాండ్‌బుక్ ఏం చెబితే అదే చివరి మాట.

8. ఇంజిను లేని రెక్క

గ్లైడర్ నడిపేవారికి స్పిన్ దూరపు విషయం కాదు. థర్మల్‌లో (పైకి లేచే వేడిగాలిలో) తక్కువ వేగంతో, వాలుగా, గంటలకొద్దీ చుట్లు తిరగడమే మా పని. కాబట్టి ఒక్క విషయం చేరుస్తాను, ఎవరూ ఇంతవరకు ప్రస్తావించలేదు. స్పిన్ అనుకుని స్పైరల్‌కు (స్టాల్ కాకుండానే వాలి, చుట్లు తిరుగుతూ దిగడానికి), స్పైరల్ అనుకుని స్పిన్‌కు వైద్యం చేసేవారున్నారు. రెండిటిలోనూ ముక్కు కిందికి ఉంటుంది, నేల తిరుగుతూ ఉంటుంది. తేడా వేగంలో ఉంది. స్పిన్‌లో స్పీడోమీటరు స్టాల్ వేగం దరిదాపుల్లో తచ్చాడుతుంది. స్పైరల్‌లో అది పరుగెత్తుతుంది, జి కూడా పెరుగుతుంది. స్పైరల్‌లో ముందు రెక్కలను సమం చేసి, ఆ తర్వాత మెల్లగా ఎత్తాలి. వాలు అలాగే ఉంచి లాగితే చుట్టు బిగుస్తుంది, రెక్కల మీద భారం పెరుగుతుంది. కొన్ని శిక్షణ విమానాలు స్పిన్‌లో ఎక్కువసేపు నిలవక, ఒకటి రెండు చుట్ల తర్వాత తామే స్పైరల్‌గా మారతాయి, అప్పుడు విద్యార్థి స్పిన్ మంత్రమే జపిస్తూ ఉంటాడు.

9. కొలబద్ద

మేఘమాల గారు శిక్షణకు నిర్ణయించుకుంటే, ఏ విమానంలో అన్నది రెండోసారి ఆలోచించవలసిన విషయం. పాత అమెరికన్ ప్రమాణాల ప్రకారం నార్మల్ వర్గం విమానాలను ధన దిశలో 3.8 జి, యుటిలిటీ వర్గాన్ని 4.4 జి, ఏరోబాటిక్ వర్గాన్ని 6 జి, రుణ దిశలో 3 జి భారానికి రూపొందించారు. పోటీల్లో వాడే ఎక్స్‌ట్రా 300 ఒక్క పైలట్‌తో రెండు దిశల్లోనూ 10 జి వరకు తట్టుకుంటుంది. హద్దు దాటాక విరగకుండా ఒకటిన్నర రెట్ల భద్రతా గుణకం ఉంటుంది కానీ, ఆ మధ్యభాగం మీ వినియోగానికి ఇచ్చినది కాదు. అక్కడ లోహం వంగి, తిరిగి రాకపోవచ్చు.

స్పిన్ పరీక్షల తేడా ఇంకా ముఖ్యం. నార్మల్ వర్గం విమానం ఒక చుట్టు లేదా మూడు సెకన్ల స్పిన్ తర్వాత ఒక్క అదనపు చుట్టులో బయటపడితే చాలు. స్పిన్‌కు అనుమతి ఉన్న విమానం ఆరు చుట్ల తర్వాత ఒకటిన్నర చుట్టులో బయటపడాలి. అంటే "స్పిన్ నిషిద్ధం" అని రాసి ఉన్న విమానం మూడో చుట్టులో ఏం చేస్తుందో చూపించవలసిన అవసరం దాని తయారీదారుకు లేదు. వెనక సీట్లో సామాను పెట్టి గరిమనాభిని వెనక్కి జరిపితే, అనుమతి ఉన్న విమానం కూడా బల్లపరుపు స్పిన్‌లోకి వెళ్ళి రడ్డర్‌కు లొంగకపోవచ్చు.

స్టిక్ వదిలేసి, ఎదురు రడ్డర్ మాత్రమే తొక్కే ఒక పద్ధతి కూడా ప్రచారంలో ఉంది. విన్యాసాల పైలట్లు ఎరిక్ ముల్లర్, జీన్ బెగ్స్ దానికి పేరు తెచ్చారు. పిట్స్ వంటి విన్యాసాల విమానాల్లో చక్కగా పనిచేస్తుంది, అన్ని రకాల్లోనూ పనిచేయదు. దాన్ని వీడియోల్లో చూసి మీ శిక్షణ విమానంలో ప్రయోగించవద్దు.

చరిత్రలో మీకు ఊరట కలిగించే విషయం ఒకటుంది. 1912 ఆగస్టు 25న ఇంగ్లండులో విల్‌ఫ్రెడ్ పార్క్ అనే నౌకాదళ అధికారి అవ్రో విమానంలో స్పిన్‌లో చిక్కుకుని, మొదట స్టిక్‌ను వెనక్కి లాగారు, రడ్డర్‌ను తిరుగుతున్న వైపుకే వేశారు. ఏమీ పనిచేయలేదు. నేల బాగా దగ్గరైనప్పుడు, వేరే దారిలేక రడ్డర్‌ను ఎదురువైపుకు తొక్కారు, విమానం సరైపోయింది. అంతటి అనుభవజ్ఞుడి చేయి కూడా ముందు మీ చేయి చేసినట్టే చేసింది.

10. ఎడమ సీటు

తలకిందులు గారి లూప్ వివరణ చదివాక నా మాటను కొంత సవరించుకోవాలి.

2009లో రెండు ప్రమాదాలు మా వృత్తిని కుదిపేశాయి. ఫిబ్రవరి 12న బఫెలో సమీపంలో కోల్గన్ ఎయిర్ విమానం 3407 కెప్టెన్, స్టిక్ షేకర్ (స్టాల్ దగ్గరపడితే నియంత్రణ కర్రను వణికించే పరికరం) హెచ్చరించగానే తోయడానికి బదులు లాగారు. జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 సుమారు 38,000 అడుగుల ఎత్తు నుంచి అట్లాంటిక్ దాకా స్టాల్‌లోనే, ఎక్కువ భాగం ముక్కు పైకి పట్టి ఉండగా, దిగిపోయింది. ఆ పైలట్లకు స్టాల్ అంటే ఏమిటో తెలియదని ఎవరూ అనలేరు. మేఘమాల గారి మొదటి సందేశంలోని ప్రశ్నే అది.

ఆ తర్వాత వచ్చిన శిక్షణను యూపీఆర్టీ (విమానం అదుపు తప్పకుండా నివారించే, తప్పితే బయటపడే శిక్షణ) అంటున్నాం. ఐరోపాలో 2019 డిసెంబరు 20 నుంచి వాణిజ్య పైలట్ విద్యార్థులకు కనీసం 5 గంటల పాఠం, 3 గంటల ఎగురుడు, అది కూడా అసలు విమానంలో, తప్పనిసరి చేశారు. సిమ్యులేటరు ఎంత ఖరీదైనదైనా ఒంటి మీద నిలకడైన జి భారాన్ని చూపించలేదు, తలకిందులైనప్పుడు బెల్టుకు వేలాడే అనుభూతిని ఇవ్వలేదు. మా వార్షిక సిమ్యులేటరు పరీక్షల్లో ఎంతో హుందాగా ప్రవర్తించే సహోద్యోగి ఒకరు, ఆ మూడు గంటల శిక్షణలో మొదటి రోల్ సగంలో నిస్సహాయంగా లాగారని ఆయనే నవ్వుతూ చెప్పారు.

నా పట్టు ఒక్కదాని మీదే మిగిలింది. మీరు ఎంచుకునే శిక్షకుడు అందమైన లూప్‌ల కంటే బయటపడటం మీద ఎక్కువ సమయం పెట్టేవారై ఉండాలి. రడ్డర్ పాఠం చివర, పెద్ద విమానాల్లో పాదాలను ఇలా వాడకూడదని కూడా చెప్పేవారై ఉండాలి.

11. తలకిందులు

ఎడమ సీటు గారితో ఏకీభవిస్తున్నాను. (ఈ వాక్యాన్ని భద్రపరచుకుంటున్నాను.)

వెళ్ళేముందు శరీరం సంగతి. మొదటి పాఠం 25 నిమిషాలకు మించనివ్వకండి. కడుపులో తిప్పడం మొదలైతే వెంటనే చెప్పి, కాసేపు సమంగా ఎగరండి. ఆ స్థితిలో నేర్చుకున్నది మిగలదు. జి పెరగడానికి ముందే కాళ్ళను, పొట్టను బిగించండి. చూపు అంచులు బూడిదరంగులోకి మారితే లాగడం తగ్గించండి. రుణ జి తర్వాత వెంటనే బలంగా లాగితే, మామూలుగా తట్టుకునే భారానికే స్పృహ తప్పవచ్చు, కాబట్టి తోసి లాగే విన్యాసాలు ఆరంభంలో వద్దు. జేబుల్లో పెన్నులు, తాళాలు, ఫోను ఏవీ ఉంచకండి. తలకిందులైన విమానంలో జారిన పెన్ను రడ్డర్ పెడళ్ళ మధ్య ఇరుక్కుంటే అది చిన్న సంగతి కాదు. ఎత్తు, విమానం, బెల్టులు, ఇంజిను, చోటు, చుట్టూ ఇతర విమానాలు, ఇన్నీ చూసుకున్నాకే మొదలుపెట్టాలి.

12. మేఘమాల

మూడు పాఠాలు పూర్తిచేసి వచ్చాను. విమానం సెస్నా 152 ఏరోబాట్. తలకిందులుగా ఎక్కువసేపు ఎగరడానికి ఇంధన, నూనె వ్యవస్థలు అందులో లేవు కాబట్టి అన్నీ ధన జి విన్యాసాలే చేశాం.

మొదటి స్పిన్‌ను శిక్షకులు చూపించారు. రెండోది నేను చేశాను. వ్యతిరేక రడ్డర్ వేశాను కానీ యోక్‌ను ముందుకు తోయవలసిన చోట చేయి కొయ్యబారిపోయింది. "తోయండి" అని రెండుసార్లు చెప్పించుకున్నాను, మరో చుట్టు అదనంగా తిరిగాం. మూడోదానిలో తోశాను, కానీ తిరుగుడు ఆగాక రడ్డర్ వదలడం మరిచిపోయి ముక్కు అటువైపుకు ఊగింది. ఐదోది శుభ్రంగా వచ్చింది. మూడో రోజున, శిక్షకులు చెప్పకుండా, తిరిగే మలుపులో నన్ను కావాలని స్కిడ్‌లోకి (మలుపు బయటివైపుకు జారే స్థితిలోకి) మళ్ళించారు. లోపలి రెక్క జారగానే నా చేయి ముందుకు వెళ్ళింది. నేను ఆలోచించానని చెప్పలేను. ఆ తర్వాతే నాకు తెలిసింది.

లూప్ శిఖరాన స్పీడోమీటరు ముల్లును కూడా చూశాను. తలకిందులు గారు చెప్పినట్టే, స్టాల్ వేగం కంటే కింద ఉంది, విమానం మాత్రం నిశ్శబ్దంగా తేలుతోంది. రెండోసారి కావాలని కొంచెం లాగి ఆ వణుకును తెప్పించమన్నారు, తెప్పించాను.

ఒక సందేహం మిగిలింది. ఎడమకు స్పిన్ చేసినా, కుడికి చేసినా నా ముందున్న బంతి ఎడమకే అంటుకుని ఉంది. "బంతి ఉన్న వైపు పెడల్ తొక్కు" అన్న సూత్రం పాటించి ఉంటే సగంసార్లు తప్పు రడ్డర్ వేసి ఉండేదాన్ని. పరికరం పాడైందా?

13. పాత రడ్డరు

పాడవలేదు. పక్కపక్క సీట్లున్న విమానంలో ఆ పరికరం ఎడమవైపు పానెల్ మీద, తిరుగుడు ఇరుసుకు పక్కన ఉంటుంది. స్పిన్ ఏ దిశలో సాగినా అపకేంద్ర బలం దాన్ని బయటికి, అంటే ఎడమకే విసురుతుంది. స్పిన్‌లో బంతిని చూడకండి. తలకిందులు కాని మామూలు స్పిన్‌లో టర్న్ కోఆర్డినేటర్‌లోని (తిరుగుతున్న దిశను చూపే పరికరంలోని) చిన్న విమానం బొమ్మ ఎటు వాలిందో చూసి, దానికి ఎదురు పెడల్ తొక్కండి. నా విద్యార్థులకు స్పిన్ పాఠం రోజున బంతి మీద కాగితం అంటిస్తాను. మీ శిక్షకులను అడిగి, రేపటి పాఠంలో అంటించి చూడండి.